తప్పులను చదివే పద్ధతి

మన సాహిత్యవిమర్శ కవిత్వాన్ని పట్టించుకుంటుంది, కథను పట్టించుకుంటుంది, నవలను పట్టించుకుంటుంది. కాని బడికి వెళ్లిన ప్రతి మనిషీ తన జీవితంలో తప్పనిసరిగా రాసే రాత ఒకటుంది. దాన్ని మాత్రం విమర్శకులు ముట్టుకోరు. అది పరీక్షరాత. వందమంది విద్యార్థుల్లో కవిత్వం రాసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. పరీక్ష రాసేవాళ్లు వందమందీ ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి పరీక్షహాలు దాటిన తర్వాత రెండు పేజీలు సొంతంగా రాసే సందర్భం మళ్లీ రాదు. అంటే సామాన్యుడి చేతికి వచ్చే ఏకైక రచనాప్రక్రియ పరీక్షరాతేనన్నమాట. ఆ ప్రక్రియకు కొలతలు ఎవరు పెట్టారు, ఆ కొలతలతో ఎవరు లోపలికి వస్తున్నారు, ఎవరు గడప బయట ఆగిపోతున్నారు అని అడగడం సాహిత్యవిమర్శ పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నేను అమెరికా కళాశాలల్లోని ప్లేస్‌మెంటు పరీక్షను తీసుకుంటున్నాను. మన కళాశాలల్లో ప్లేస్‌మెంటు అంటే చదువు చివర దొరికే ఉద్యోగం. అక్కడ ఈ మాట చదువు మొదట్లోనే వినిపిస్తుంది. కళాశాలలో చేరిన విద్యార్థి నేరుగా డిగ్రీ తరగతిలో కూర్చోవడానికి తగినవాడా, లేక ముందు భాషలోనూ లెక్కల్లోనూ మరమ్మతు తరగతులకు వెళ్లవలసినవాడా అని తేల్చే పరీక్ష అది. మరమ్మతు తరగతులకు రుసుం ఉంటుంది; కాని సాధారణంగా అవి డిగ్రీకి లెక్కకు రావు. పగలు దుకాణంలో పనిచేసి సాయంత్రం చదువుకునే కుర్రాడికి ఒక సెమిస్టరు లెక్కకు రాకుండా పోవడమంటే మాటలు కాదు. చాలామంది ఆ తరగతుల్లోనే చదువు చాలించుకుంటారు. కాబట్టి చూడ్డానికి ఇది ‘నువ్వు ఏ గదిలో కూర్చోవాలి’ అని చెప్పే పరీక్ష. అనుభవంలో చాలామందికి ‘నువ్వు ఇంటికి వెళ్లు’ అని చెప్పే పరీక్ష.

తెలుగు చెప్పుకునే మనిషికి అమెరికా గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను. మన పిల్లలు ఏటా అక్కడికి చదువుకు పోతున్నారు. చాలా విశ్వవిద్యాలయాల్లో వాళ్లకు మొదటి వారంలోనే ఇంగ్లీషు పరీక్ష ఎదురవుతుంది. ఇది చిన్న కారణం. పెద్ద కారణమేమిటంటే, విద్యార్థుల పరీక్షరాతను సాహిత్యగ్రంథాన్ని చదివినంత శ్రద్ధగా చదివిన విమర్శ అక్కడ పుట్టింది. ఆ విమర్శలో మనకు పనికొచ్చేదీ ఉంది, మనం తిరస్కరించవలసిందీ ఉంది. పైగా సరిగ్గా ఇటువంటి తగాదాయే మన భాషలో వందేళ్ల క్రితం జరిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ పరీక్షకోసం విద్యార్థులు చేసే అభ్యాసం ఎలాంటిదో చూద్దాం. ఇప్పుడు విస్తారంగా వాడుకలో ఉన్న పరీక్ష ‘అక్యుప్లేసర్’. దీన్ని నడిపేది కాలేజీ బోర్డు అనే సంస్థ. కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి. ఇందులో చదవడానికి 20 ప్రశ్నలు, రాయడానికి 25 ప్రశ్నలు. అభ్యాసంకోసం నమూనా ప్రశ్నలను ఆ సంస్థే ఉచితంగా ఇస్తుంది. బజార్లో అమ్మే అభ్యాస పుస్తకాలు వేరే ఉన్నాయి. ఇక్కడ పాఠకులు ఒక విచిత్రం గమనించాలి. ‘రాయడం’ అనే పేరుతో ఉన్న ఆ 25 ప్రశ్నల్లో విద్యార్థి ఒక్క వాక్యం కూడా రాయడు. ఎవరో రాసిన వ్యాసం ఇస్తారు. అందులో ఒక వాక్యం కింద గీత గీసి నాలుగు మార్గాలు చూపిస్తారు. మొదటిది సాధారణంగా ‘ఉన్నది ఉన్నట్టే’. తక్కినవి మూడు సవరణలు. ఒకటి ఎంచుకోవాలి. వంట వచ్చునా అని అడిగి, నాలుగు కూరలు ముందుపెట్టి ఉప్పు ఎందులో సరిపోయిందో చెప్పమన్నట్టుంది ఇది. రుచి తెలియడమూ ఒక తెలివే, కాదనను. కాని అది వంట కాదు.

చదివే ప్రశ్నల సంగతి మరోరకం. ఊహించిన ఉదాహరణ ఒకటి ఇస్తాను. ఒక పేరా ఉందనుకుందాం: ఊళ్లో మిల్లు మూతపడింది; యాజమాన్యం విచారం వెలిబుచ్చింది; పునర్వ్యవస్థీకరణ అనివార్యమైందనీ, దీనివల్ల కొత్త అవకాశాలు వస్తాయనీ ప్రకటించింది. దీనిమీద ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: ఈ పేరాలోని ప్రధాన భావం ఏది? రచయిత ధోరణి ఎటువంటిది? ‘పునర్వ్యవస్థీకరణ’ అనే మాటకు ఇక్కడ సరిపోయే అర్థం ఏది? ‘ఈ పేరాలో మిల్లు కార్మికులు ఎక్కడున్నారు?’ అనే ప్రశ్న రాదు. చెప్పిన మాట నిజమా, చెప్పినవాడికి దాంతో లాభమేమిటి అనే ప్రశ్నలకు నాలుగు గడుల్లో చోటు లేదు. పేరా చెప్పింది చెప్పినట్టు గ్రహించడమే చదవడమని, అక్కడితో చదవడం పూర్తయిందని విద్యార్థికి అలవాటవుతుంది.

ఈ మాట అంటున్నానని, గ్రహించడం అక్కరలేదని నేనంటున్నట్టు ఎవరూ అనుకోకూడదు. మన అభ్యుదయవాదుల్లో కొందరికి పేరా పూర్తిగా చదవకముందే దాని వర్గస్వభావం తెలిసిపోతుంది. అవతలివాడు ఏం చెప్పాడో అతని మాటల్లో తిరిగి చెప్పలేనివాడు అతన్ని ఖండించడం విమర్శ కాదు, దూషణ. కనుక ఆ 20 ప్రశ్నలు అడిగే తెలివి పనికిమాలినదని నేననను. అది మొదటి మెట్టు అంటాను. మొదటి మెట్టునే మేడ అని చూపించడం మీద నా ఆక్షేపణ.

నిజంగా వ్యాసం రాయించే భాగం కూడా ఒకటుంది. దాని పేరు ‘రైట్‌ప్లేసర్’. ఒక చిన్న పేరా ఇచ్చి దానిమీద 300 నుంచి 600 మాటల వ్యాసం రాయమంటారు. దాన్ని దిద్దేది యంత్రం. ప్రయోజనం, నిర్మాణం, వివరణ, వాక్యవైవిధ్యం, భాషానియమాలు, వివేచన అనే అంశాలను చూసి 1 నుంచి 8 వరకు మార్కు వేస్తుంది. వివేచనకు కూడా యంత్రమే మార్కు వేస్తుందన్నమాట! ఇలాంటి యంత్రాలు ఏమాత్రం చదువుతాయో చూద్దామని లెస్ పెరెల్‌మన్ అనే అధ్యాపకుడు 2014లో తన విద్యార్థులతో కలిసి ఇంకో యంత్రం తయారుచేశాడు. అర్థంలేని వాక్యాలను, బరువైన మాటలతో, వ్యాకరణం చెడకుండా అల్లి ఇవ్వడం దాని పని. ఆ అర్థంలేని వ్యాసాలకు దిద్దే యంత్రం గొప్ప మార్కులు వేసింది. రాసినది యంత్రం, దిద్దినది యంత్రం; మధ్యలో మనిషితో పనే లేదు.

ఈ దిద్దుబాటుకు సిద్ధపడే విద్యార్థికి అభ్యాసం ఏం నేర్పుతుంది? ఏదో ఒక పక్షం తీసుకో. రెండు పక్షాలూ ఉన్నాయని తికమకపడకు. మొదటి పేరాలో చెప్పబోయేది చెప్పు, మూడు పేరాల్లో మూడు కారణాలివ్వు, అయిదో పేరాలో చెప్పినదే మళ్లీ చెప్పు. నమ్మకంలేని మాట వాడకు. పొడుగు వాక్యం జోలికి పోకు. సాధారణంగా అక్కడ దొరికే సలహాల సారాంశమిది. ఒక్క మాటలో చెప్పాలంటే, తప్పు చెయ్యకుండా దాక్కోవడం నేర్పుతుంది.

మనం నవ్వనక్కరలేదు. మన బడుల్లో వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయవిశ్లేషణ, ముగింపు. వరకట్నం మీద నేను దిద్దిన వ్యాసాలన్నీ ‘యువత నడుం బిగించాలి’ అనే చోట ముగుస్తాయి. కట్నం ఎంత ఇచ్చారో, ఏ పొలం అమ్మి ఇచ్చారో తన ఇంట్లోనే చూసిన పిల్లకూడా ఆ సంగతి రాయదు. రాయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాయవచ్చునని కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ పరీక్షలు ఎలా పుట్టాయి? చదువురాని పేదలు కళాశాలల మీద పడ్డారు గనక ప్రమాణాలు కాపాడటానికి పరీక్షలు వచ్చాయని ఒక వాదం ఉంది. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు. హార్వర్డ్ కళాశాల 1874లోనే ప్రవేశానికి ఇంగ్లీషు వ్యాసం రాసే పరీక్ష పెట్టింది. షేక్స్పియరు, గోల్డ్‌స్మిత్, స్కాట్ వంటివాళ్ల రచనల నుంచి విషయమిచ్చి, వర్ణక్రమమూ విరామచిహ్నాలూ వ్యాకరణమూ తప్పకుండా చిన్న వ్యాసం రాయమన్నారు. అప్పట్లో హార్వర్డ్ గుమ్మం ఎక్కినవాళ్లు ఎవరు? ఖరీదైన బడుల్లో చదివిన సంపన్నుల కొడుకులు. వాళ్ల వ్యాసాలు చూసే పరీక్షకులు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. 1885లో మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రత్యేకంగా రచనాభ్యాస తరగతి పెట్టవలసి వచ్చింది. 1892లో ఒక సంఘం నివేదిక రాసి తప్పంతా కిందిబడులదే అన్నది. అంటే ‘కుర్రాళ్లకు రాయడం రావడం లేదు’ అనే గోల పేదవాడు కళాశాల మెట్టెక్కక ముందునుంచీ ఉంది. సంపన్నుల పిల్లలకు రాయడం రాకపోతే దాన్ని లోపమన్నారు, లోపలికి రానిచ్చి నేర్పారు. పేదపిల్లలకు రాకపోయేసరికి అది అనర్హత అయింది.

ఆ మార్పును కళ్లారా చూడాలంటే న్యూయార్కుకు రావాలి. ఆ నగర విశ్వవిద్యాలయానికి మూలమైన కళాశాల 1847లో ఉచితవిద్య కోసమే పుట్టింది. హార్లెంలో ఉన్న సిటీ కాలేజీ దాని సంతతే. చుట్టూ నల్లవాళ్ల ఇళ్లు. లోపల నల్లవాళ్లు అరుదు. 1969 వసంతకాలంలో నల్లజాతి, ప్యూర్టోరికో విద్యార్థులు ఆ కళాశాలను ఆక్రమించి తలుపులు తెరవమన్నారు. 1975లో అమలుచేద్దామనుకున్న పథకాన్ని విశ్వవిద్యాలయం 1970లోనే అమలుచెయ్యవలసి వచ్చింది. నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతివాడికీ ఏదో ఒక కళాశాలలో చోటు. నల్లవాళ్లతోపాటు తెల్ల కార్మికుల పిల్లలు కూడా పెద్దసంఖ్యలో వచ్చారు. పోరాటంతో తెరిచిన తలుపులోంచి ఎప్పుడూ పోరాడినవాళ్లకంటే ఎక్కువమందే లోపలికి వస్తారు.

వచ్చినవాళ్లందరికీ స్థాయి నిర్ణయించడానికి వ్యాసం రాయించారు. ఆ వ్యాసాలు చదివిన అధ్యాపకులు అనేకులు నిర్ఘాంతపోయారు. ఇది భాషే కాదన్నారు, వీళ్లకు చదువు చెప్పడం అసాధ్యమన్నారు. అదే కట్ట కాగితాలను మినా షానెసీ అనే ఆమె ఇంకోవిధంగా చదివింది. ఆమె దక్షిణ డకోటాలో బంగారు గనుల ఊళ్లో పుట్టిన మనిషి; 1967 నుంచి సిటీ కాలేజీలో వెనకబడిన విద్యార్థులకు రచన నేర్పుతూ వచ్చింది. 1970 నుంచి 1974 వరకు కొత్త విద్యార్థులు రాసిన సుమారు 4,000 పరీక్షావ్యాసాలను ముందు పెట్టుకుని 1977లో ఒక పుస్తకం ప్రచురించింది. దానిపేరు ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’. తప్పులూ, వాటినుంచి మనం ఆశించదగినవీ అని అర్థం చెప్పుకోవచ్చు. మరుసటి ఏడాదే ఆమె చనిపోయింది.

ఆ పుస్తకంలోని ముఖ్యమైన ప్రతిపాదన చాలా సులువైనది: తప్పులకు తర్కం ఉంది. విద్యార్థి తప్పులు రాయడానికి కారణం అతను మందబుద్ధి కావడం కాదు, సోమరి కావడం కాదు. రాయడంలో అతను కొత్తవాడు కావడం. కొత్తవాడు ఏ పనినైనా తప్పులు చేస్తూనే నేర్చుకుంటాడు. ఒక విద్యార్థి ఒకే వ్యాసాన్ని మళ్లీమళ్లీ మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి, ఆపి, వేరే విధంగా ఎత్తుకున్న సందర్భాన్ని ఆమె చూపిస్తుంది. మామూలు పరీక్షకుడికి అందులో కనిపించేది అసమర్థత. షానెసీకి కనిపించింది, ప్రతి మాటలోనూ తప్పుంటుందేమోనని భయపడుతున్న మనిషి. తాను చెప్పదలచుకున్నదానికంటే తాను చెయ్యబోయే తప్పుమీదే అతని దృష్టంతా ఉంది.

ఈ పద్ధతిని మన తెలుగు కాగితాలకు అన్వయించి చూడవచ్చు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు తెలుగు చెబుతాను. వాళ్ల తప్పులను నేను మూడు కుప్పలుగా పోస్తాను.

మొదటి కుప్ప: ‘విద్యార్థి’ అని రాయవలసినచోట ‘విధ్యార్థి’ అని రాయడం. దీన్ని అజాగ్రత్త అంటారు. కాదు. మనలో ఎక్కువమంది మాటల్లో ద, ధల తేడా వినపడదు. పుస్తకాల తెలుగులో ఎక్కడో ఒత్తుండాలని ఆ కుర్రాడికి తెలుసు, ఎక్కడుండాలో తెలియదు. ‘భాష’లో వదిలేసిన ఒత్తును తీసుకొచ్చి ‘విద్య’లో పెడతాడు. అది శ్రద్ధ ఎక్కువై చేసిన తప్పు! ఎర్రసిరాతో సున్న చుడితే అతను నేర్చుకునేది ఏమీ లేదు. ఒత్తక్షరాలు సంస్కృత పదాలతో వచ్చాయని, ఆ పదాల కుటుంబాలు ఇవీ అని చూపిస్తే నేర్చుకుంటాడు.

రెండో కుప్ప: ‘పేదరికంవల్ల చదువు ఆగిపోతుంది, ఎందుకంటే పిల్లలు పనికి పోవాలి కాబట్టి.’ ఈ వాక్యం తడబడింది. ‘ఎందుకంటే’ ఉన్నచోట ‘కాబట్టి’ అక్కరలేదు. కాని ఈ వాక్యం రాసినవాడు మూడు విషయాలను కారణకార్యాలుగా ముడివెయ్యడానికి ప్రయత్నించాడు. ‘పేదరికం చెడ్డది. చదువు మంచిది.’ అని రాసినవాడి వాక్యంలో తప్పులేదు, ఆలోచనా లేదు. మార్కులు ఎవరికి ఎక్కువ వస్తాయో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. షానెసీ కూడా ఈ సంగతే చూపించింది: కొత్త ఆలోచన మొయ్యడానికి పూనుకున్నప్పుడే వాక్యం విరుగుతుంది.

మూడో కుప్ప: ‘వచ్చాడు’ అనవలసినచోట ‘వచ్చిండు’ అని రాయడం. ఇది తప్పా? ఇక్కడ నా లెక్క వేరు. ఇది తప్పు కాదు. ఇంకో ప్రాంతపు ఒప్పు. దీన్ని తప్పుల కుప్పలో పోసింది వ్యాకరణం కాదు, అధికారం.

ఈ మూడో కుప్ప దగ్గరే షానెసీ పుస్తకం మనకు చాలదు. విద్యార్థిమీద ఆమెకు అపారమైన గౌరవం ఉంది. కాని విద్యార్థి చేరుకోవలసిన భాష ఏదో ముందే నిర్ణయమైపోయింది. దాన్ని ఎవరు నిర్ణయించారని ఆమె గట్టిగా అడగలేదు. భాష ఒక పాత్ర, అందులో ఏ అర్థం పోసినా మారదు అన్నట్టు ఆమె వ్యవహరించిందని మిన్-జాన్ లూ అనే విమర్శకురాలు 1991లో ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ సరైనదే. కళాశాల భాష నేర్చుకున్న కార్మికుడి కొడుకు తండ్రితో మాట్లాడే భాష మారుతుంది, తండ్రిని చూసే చూపూ మారవచ్చు. దీన్ని వర్ణక్రమ దోషాల పట్టికలో చూపించలేం.

సరిగ్గా ఈ ప్రశ్నే మన దేశంలో 1911, 1915ల మధ్య మద్రాసు రాజధానిలో లేచింది. మన భాషోద్యమాన్ని మనం సాహిత్యచరిత్రగా చెప్పుకుంటాం. అది పరీక్షకాగితం మీద జరిగిన తగాదా అని మరిచిపోతాం. స్కూలు ఫైనలు విద్యార్థి, ఇంటర్మీడియట్ విద్యార్థి తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలి? గ్రాంథికంలోనా, జీవభాషలోనా? 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగు తరఫున ఇంగ్లీషులో వినతిపత్రం రాశాడు. జయంతి రామయ్య పంతులు గ్రాంథికం తరఫున అదే ఏడు ఇంగ్లీషులోనే ప్రతివాదం రాశాడు. 1914లో విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘం గ్రాంథికంవైపు మొగ్గితే, గురజాడ అప్పారావు తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చాడు. 1915లో ఆయన చనిపోయాడు. పరీక్షల్లో జీవభాషకు అప్పటికి తలుపు మూసుకుపోయింది.

ఆ గ్రాంథికం ఎవరి నోటిభాషా కాదు. అది రావాలంటే ఏళ్లతరబడి తీరుబాటు ఉండాలి, ఇంట్లో పుస్తకాలుండాలి. ఇంతా చేసి అది పండితులకే సరిగా రాలేదు. వాళ్లు రాసిన గ్రాంథికంలోనే గ్రాంథిక వ్యాకరణానికి విరుద్ధమైన రూపాలను ఏరి, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో గిడుగు చూపించాడు. పరీక్షకుడినే పరీక్షకు కూర్చోబెట్టడమంటే ఇదీ. ఆ గిడుగే పర్లాకిమిడి పరిసరాల్లో సవర పిల్లలకోసం సవరభాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేశాడు. ఈ రెండు పనులూ ఒకే పని అని మనం గుర్తించాలి.

తర్వాత వ్యావహారికం గెలిచింది. పత్రికలు, కథలు, పాఠ్యపుస్తకాలు దాన్ని తీసుకున్నాయి. దానికి మనం పెట్టుకున్న పేరు శిష్టవ్యావహారికం. శిష్టులెవరు? ప్రధానంగా కృష్ణా గోదావరి జిల్లాల్లో చదువుకున్న పైకులాలవాళ్లు. గ్రాంథికాన్ని దించిన చోట వాళ్ల వాడుక ఎక్కి కూర్చుంది. తెలంగాణా విద్యార్థి ‘వచ్చిండు’ చుట్టూ సున్న చుట్టింది గురజాడ అభిమానులే. గెలిచిన ఉద్యమం తన గెలుపుతోనే ఇంకొకరికి గడపగా మారవచ్చునన్న సంగతి అభ్యుదయవాదులకు చేదుగా ఉండవచ్చు. అయినా చెప్పుకోక తప్పదు.

ఐతే ఇప్పుడేం చెయ్యాలి? ఇక్కడ మనలో ఒక ధోరణి ఉంది. ప్రమాణభాష పాలకవర్గాల భాష. కనుక దాన్ని నేర్పనక్కరలేదు. విద్యార్థి ఏం రాస్తే అదే సాహిత్యం అనే ధోరణి. వినడానికి ఇది విప్లవంలా ఉంటుంది. దీని ఫలితం మాత్రం పాలకవర్గాలకే అనుకూలం. జైలులో రాసుకున్న వ్యాకరణచర్చలో గ్రాంసీ ఈ విషయం స్పష్టంగా చూశాడు. బడిలో ప్రమాణవ్యాకరణం నేర్పకపోతే ఉన్నవాళ్ల పిల్లలకు వచ్చే నష్టమేమీ లేదు, వాళ్లకు అది ఇంట్లోనే వస్తుంది. నష్టపోయేది సామాన్యుల పిల్లలు. సార్డీనియా మాండలికం మధ్య పేదరికంలో పెరిగినవాడు చెప్పిన మాట ఇది. చదువు సుఖంగా ఉండాలనే పేరుతో చదువునే తగ్గించడాన్ని కూడా అతను ఒప్పుకోలేదు. అమెరికా రచనాధ్యాపకుల మహాసభ 1974లో విద్యార్థులకు తమ సొంత భాషమీద హక్కుందని తీర్మానించింది. తీర్మానం మంచిదే. కాని ఆ హక్కు పక్కనే ఇంకో హక్కు ఉంది. న్యాయస్థానం నోటీసునూ, యజమాని ఒప్పందపత్రాన్నీ చదివి, అదే భాషలో జవాబు రాయగలిగే శక్తిమీద హక్కు. మొదటి హక్కు ఇచ్చి రెండోది ఎగ్గొట్టేవాణ్ణి నేను అభ్యుదయవాది అనను.

కనుక నా వాదం ప్రమాణభాష నేర్పడానికి వ్యతిరేకం కాదు. నేర్పకముందే కొలిచి, కొలిచి బయటపెట్టే పద్ధతికి వ్యతిరేకం. ఈ కొలత సొంత లెక్కల్లో కూడా నిలబడలేదు. కొలంబియా విశ్వవిద్యాలయపు అధ్యాపక కళాశాలలో ఉన్న సామాజిక కళాశాలల పరిశోధనకేంద్రం 2012లో ఒక పరిశీలన ప్రచురించింది. ప్లేస్‌మెంటు పరీక్షలు రాసినవాళ్లలో ఇంగ్లీషులో సుమారు మూడోవంతుమందిని, లెక్కల్లో సుమారు నాలుగోవంతుమందిని తీవ్రంగా తప్పుడుచోట పెట్టారని అందులో తేలింది. అందులోనూ పైతరగతిలో నెగ్గగలవాణ్ణి కిందికి తోసిన పొరపాట్లే ఎక్కువ. హైస్కూలు మార్కులు ఈ పరీక్షలకంటే నమ్మదగిన ఆధారమని కూడా తేలింది. ఎంతోకాలం రాజ్యమేలిన ‘కంపాస్’ అనే పరీక్షను దాన్ని తయారుచేసిన సంస్థే 2016లో ఎత్తేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో శాసనం చేసి, సామాజిక కళాశాలలు హైస్కూలు చదువును ఆధారంగా తీసుకోవాలనీ, మరమ్మతు తరగతుల్లోకి ఇష్టంవచ్చినట్టు నెట్టకూడదనీ కట్టడిచేసింది. డిగ్రీ తరగతిలోనే కూర్చోబెట్టి, పక్కనే అదనపు సాయం చేసే పద్ధతి అనేకచోట్ల వచ్చింది.

ఇదంతా పాలకుల దయ అనుకుంటే పొరపాటు. తలుపు తెరిచిన నగర విశ్వవిద్యాలయం కథ చివరిదాకా చూడండి. 1847 నుంచి ఉచితంగా ఉన్న చదువుకు 1976లో, నగరం దివాలా తీసే స్థితిలో ఉందని చెప్పి రుసుం పెట్టారు. తెల్లవాళ్ల పిల్లలు చదివిన నూరేళ్లకుపైగా ఉచితం; నల్లవాళ్లు వచ్చిన ఆరేళ్లకు రుసుం! 1998లో నాలుగేళ్ల కళాశాలల్లో మరమ్మతు తరగతులను ఎత్తివెయ్యాలని తీర్మానించారు. మరమ్మతు తరగతి ఎత్తెయ్యడం కాలిఫోర్నియాలో తలుపు తెరవడానికి ఉపయోగపడింది. న్యూయార్కులో తలుపు మూయడానికి ఉపయోగపడింది. పద్ధతి ఒకటే, లోపలికి రానిచ్చి సాయపడుతున్నారా, బయటే ఆపి మరో దారి చూసుకోమంటున్నారా అన్నదానిలోనే తేడా అంతా ఉంది. కనుక ఏ సంస్కరణనైనా దాని పేరుతో కాదు, అది ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నదో చూసి తూచాలి.

ఉపాధ్యాయమిత్రులతో చివరగా ఒక మాట. శాసనాలు మన చేతిలో లేవు. దిద్దే కాగితం మన చేతిలో ఉంది. విద్యార్థి పరీక్షకు అభ్యాసం చెయ్యక తప్పదు. ఆ అభ్యాసాన్ని నిజమైన చదువుగా మార్చడం మాత్రం సాధ్యమే. పేరాలో ఏముందో నాలుగు గడుల్లో గుర్తుపట్టించిన తర్వాత, అందులో ఎవరు లేరో అడగండి. వ్యాసం రాయించిన తర్వాత మార్కు వెయ్యకముందు అతనిచేతే పైకి చదివించండి. సగం తప్పులు తన చెవితో తనే పట్టుకుంటాడు. తక్కిన సగాన్ని మూడు కుప్పలుగా పోయండి: లిపి తెలియక చేసినవి, ఆలోచన బరువుకు విరిగినవి, అసలు తప్పులే కానివి. మొదటివాటికి పాఠం చెప్పండి. రెండోవాటిని మెచ్చుకుని, వాక్యం ఎలా నిలబెట్టాలో చూపించి మళ్లీ రాయించండి. మూడోవాటి విషయంలో, పరీక్షలో ఏ రూపం అడుగుతారో, ఎందుకు అడుగుతారో దాచకుండా చెప్పండి. ఆ ‘ఎందుకు’ చెప్పడంలో మన భాషాచరిత్ర అంతా ఉంది, వర్గచరిత్రా ఉంది. దాన్ని తెలుసుకుని ‘వచ్చాడు’ అని రాసిన విద్యార్థి తలవంచినవాడు కాడు. ఆ గడప ఎవరు కట్టారో తెలిసి దాటినవాడు. అలాంటివాళ్లు పదిమంది లోపలికి వస్తే, గడప ఎత్తు గురించి మాట్లాడవలసిన పని మనకొక్కరికే ఉండదు.